కారు కడుపులోని పెట్రోలు పంపు

పెట్రోలు పంపు అనగానే రహదారి ప్రక్కనుండు బంకు జ్ఞప్తికి వచ్చును. కాని బంకులో పోయించుకొన్న పెట్రోలును ట్యాంకునుండి ఇంజనునకు చేరవేయు పంపు వేరొకటి కారులోనే కలదు. అది జానెడు పొడవైన లోహపు గొట్టమువలె నుండును. కారు నడచినంతకాలము దాని ఉనికిని తలచువారుండరు. అది ఆగిన దినమున మాత్రము ఎంత వెలగల కారైనను మొరాయించిన యెద్దువలె నడివీథిలో నిలిచిపోవును.

జర్మనీ దేశమున నలుబదియేండ్ల నాటి విలాసపు కార్లను ఇంటిముంగిటనే బాగుచేసికొనువారు పెక్కుమంది కలరు. వారికి ప్రీతిపాత్రమైన బండ్లలో మెర్సిడెస్-బెంజ్ కంపెనీవారి 'డబ్ల్యు 126' యొకటి. 1979 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున తొలిసారి జనులకు చూపబడిన ఈ బండి జర్మనీలో 1991 వరకు తయారైనది. నాలుగు తలుపుల బండ్లే 8 లక్షలకు పైగా వెలువడినవి. ఆనాడు రాజ్యాధినేతలును, వ్యాపారసంస్థల అధిపతులును ఎక్కి తిరిగిన వాహనమది. నేడో, సామాన్యమైన ఉద్యోగి కొనదగిన ధరకు దిగివచ్చినవియు వానిలో నున్నవి. అయితే దిగినది కొనుబడి ధర మాత్రమే. పోషణపు ధర దిగలేదు. ఏనుగును కొన్నవానికి దాని మేత మరునాటినుండి తెలియవచ్చునట్లు, ఈ కారు కొన్నవానికి కార్ఖానావారి బిల్లు తొలి మరమ్మతుతోడనే బోధపడును. 30 ఏండ్లు నిండి, మేలుస్థితిలోనున్న బండ్లకు 1997 నుండి జర్మనీలో చారిత్రకవాహనమని గుర్తుగల ప్రత్యేకమైన నంబరు పలకను ఇచ్చుచున్నారు. స్టుట్గార్ట్ చెంతనున్న ఫెల్‌బాఖ్ పట్టణమున 1993 లో కంపెనీవారే పాతబండ్లకై ఒక కేంద్రమును నెలకొల్పిరి. కావున వస్తువు దొరకును, పనిముట్లు దొరకును. ఇక తన చేతితోనే పంపు మార్చుకొనవచ్చును గదాయని యజమానికి తోచుట సహజము.

చేతిపనిగా చూచిన నిది గొప్ప కష్టము కాదు. రెండు గొట్టములు, రెండు తీగలు, ఒక పట్టీ విప్పిన పంపు చేతికి వచ్చును. కష్టమంతయు విప్పుటకు ముందే యున్నది. చెడినది పంపేనా? చెడినచో ఏల చెడినది? గొట్టము విప్పినపుడు వెలికివచ్చు పెట్రోలు ఏమి చేయును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలియనివాడు స్పానరు పట్టినచో డబ్బు పోవుట చిన్ననష్టము. ప్రాణమునకే ముప్పు రావచ్చును.

టోపీసూది మొదలుకొని

ఇంధనమార్గమును సొంతచేతులతో బాగుచేసికొనుట మోటారుకారంత పాతది. కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల మోటారుబండికి 1886 జనవరిలో పేటెంటు కోరెను. రెండేండ్ల తరువాత, 1888 ఆగస్టులో, ఆయన భార్య బెర్తా బెంజ్ తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా తెలుపకయే ఆ బండిలో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు ప్రయాణమయ్యెను. అది నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. నడుమ ఇంధనమైపోగా వీస్లోహ్ పట్టణమున మందుల దుకాణములో లిగ్రోయిన్ అను తేలికనూనె కొని పోసెను. ఇంధనపు గొట్టములో నలకయడ్డుపడగా తన టోపీసూదితో పొడిచి దారిచేసెను. బండి ఏల ఆగినదో గుర్తించి, అడ్డమెచ్చట నున్నదో కనుగొని, అంతవరకే చికిత్సచేసిన ఆమె పద్ధతి నేటికిని పాఠముగా నిలువదగినది.

నీరు పల్లమెరుగునన్న సామెత తొలినాటి కార్ల పెట్రోలునకును వర్తించెడిది. అమెరికాలో 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు 'మోడల్ టి' కారునకు పంపు లేదు. సీటుక్రింది ట్యాంకునుండి పెట్రోలు తన బరువుచేతనే జారి ఇంజనును చేరెడిది. ట్యాంకులో పెట్రోలు తగ్గియుండగా నిటారైన కొండ యెక్కవలసివచ్చినచో, ముందుభాగము పైకి లేచి ఇంజను ట్యాంకుకన్న ఎత్తునకు పోయెడిది, ధార నిలిచిపోయెడిది. అందుచే డ్రైవర్లు కారును మరలించి వెనుకకు నడుపుచు కొండలెక్కెడివారు! తరువాతికాలమున ఇంజనుచేతనే కదలింపబడు పలుచని పొరగల పంపులు వచ్చినవి. అవి పెట్రోలును కార్బురేటరువరకు ఎత్తిపోసిన చాలును, గట్టిగా తోయనక్కరలేదు.

గట్టిగా తోయవలసిన యవసరము పెట్రోలును చిమ్ము పద్ధతివలన కలిగినది. 1973 లో బాష్ కంపెనీవారు 'కె-జెట్రానిక్' అను ఏర్పాటును ప్రవేశపెట్టిరి. 'కె' అనునది ఎడతెగనిది అను అర్థముగల జర్మను పదమునకు తొలి అక్షరము. ఇందు ఇంజను పీల్చు గాలియొక్క ఒత్తిడికి ఒక పళ్లెము పైకి లేచును. ఆ పళ్లెము ఎంత కదలిన దానికి తగినంత పెట్రోలు, ఒక్కొక్క సిలిండరు ముంగిట నమర్చిన సన్నని రంధ్రముగుండ ఎడతెగక చిమ్మబడుచుండును. డబ్ల్యు 126 బండ్లలో 1985 వరకు తయారైన వానిలో పెక్కింటికి ఈ ఏర్పాటే కలదు. దీనికి పెట్రోలు సుమారు 5 వాతావరణముల ఒత్తిడితో అందవలెను. 50 మీటర్ల ఎత్తున నీరు నిలిపిన స్తంభమునకు అడుగున ఎంత ఒత్తిడియుండునో అంతయన్నమాట. ఆ ఒత్తిడిని పుట్టించునది మన కథానాయకమైన విద్యుత్పంపు.

నిప్పులోనే నీడ

ఈ పంపు కారు అడుగుభాగమున, వెనుక ఇరుసు సమీపమున, కుడివైపు నొక మూతమాటున అమర్చబడియుండును. ప్రక్కనే ఫిల్టరును, ఒత్తిడిని నిలువజేయు డబ్బియు నుండును. తొంబది లీటర్లు పట్టు ట్యాంకు వెనుకసీటునకు వెనుక, పంపుకన్న ఎత్తున నున్నది. ఇది యాదృచ్ఛికము కాదు. ఈ జాతి పంపు తోయుటలో బలాఢ్యము, పీల్చుటలో దుర్బలము; కావున పెట్రోలు తనంతట జారి దానిలోనికి రావలెను. ఈ సంగతి విప్పువాడు మరువరాదు. ట్యాంకు ఎత్తుననున్నది గనుక గొట్టమూడదీసిన మరుక్షణమే ట్యాంకులోనున్న పెట్రోలంతయు నేలమీదికి రాజూచును.

పంపు లోపల గుండ్రని గదిలో, నడిమికి కాక ఒక ప్రక్కకు జరిపి బిగించిన చక్రమొకటి తిరుగును. దాని అంచున గాడులును, గాడులలో చిన్న చిన్న ఉక్కు రోలర్లును కలవు. చక్రము వడిగా తిరుగునపుడు రోలర్లు వెలుపలికి విసరబడి గోడను ఒరసికొని పోవును. రెండు రోలర్ల నడిమి చోటు ఒకవైపున పెరుగుచు పెట్రోలును లోనికి గైకొనును. వేరొకవైపున తరుగుచు దానిని బయటికి నెట్టును. పాఠశాలలో చెప్పు అపకేంద్రబలమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణము దొరకదు.

ఆశ్చర్యకరమైన విషయము వేరొకటున్నది. చక్రమును త్రిప్పు విద్యుత్ మోటారు పెట్రోలులోనే మునిగియుండును. పెట్రోలు మోటారు నడుమనుండియే ప్రవహించి దానిని చల్లబరచుచు, ఇరుసులకు కందెనగా కూడ పనిచేయును. మోటారులో బొగ్గుబ్రష్షులున్నవి, వానివద్ద సన్నని మిణుగురులు పుట్టుచునే యుండును. పెట్రోలు నడుమ నిప్పురవ్వ! అయినను మంట రాదు. ఏలయన, మంటకు ఇంధనమొక్కటి చాలదు, గాలియు కావలెను. గాలిలో పెట్రోలు ఆవిరి పరిమాణమున సుమారు నూటికి 1.4 పాలు మొదలు 7.6 పాళ్లవరకు కలిసినప్పుడే ఆ మిశ్రమము అంటుకొనును. అంతకు తక్కువైన ఇంధనము చాలదు; ఎక్కువైన గాలి చాలదు. పంపునిండ పెట్రోలే గాని గాలికి చోటులేదు. కావున నిప్పు ఉండియు మంట లేదు.

అదే పెట్రోలు గ్లాసెడు నేలపై ఒలికిన సంగతి వేరు. అది సున్నకు నలుబది డిగ్రీల దిగువనున్న చలిలో సైతము అంటుకొనదగినంత ఆవిరిని విడుచును. ఆ ఆవిరి గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువు. కంటికి కనబడక నేలవెంట ప్రాకుచు పల్లములలో చేరి, గాలితో తగుపాళ్ల కలిసి, ఒక్క రవ్వకై వేచియుండును. పంపులోపల నిరపాయమైన రవ్వయే పంపువెలుపల ప్రాణాంతకమగును.

నాడి చూచుట

ఇంజను త్రిప్పినను రాజుకొననపుడు యజమాని నోట తొలుత వచ్చుమాట 'పంపు పోయినది' అనునదియే. నాడి చూడక మందిచ్చిన వైద్యుని చందమిది. పెక్కుమార్లు పంపు నిర్దోషి.

పంపునకు విద్యుత్తు నేరుగా రాదు. ఫ్యూజు, దానికి తోడు రిలే అను మీట, రెండును దాటి రావలెను. ఇంజను తిరుగుచున్నదను సూచన అందుచున్నంతవరకే రిలే పంపును నడిపించును. ప్రమాదములో ఇంజను ఆగిన, పంపును ఆగిపోవును. చీలిన గొట్టమునుండి పెట్రోలు చిమ్మకుండుటకై చేసిన జాగ్రత్త యిది. కాని యేండ్లు గడచినకొలది రిలేలోపలి టంకపు అతుకులు చిట్లును. అపుడు పంపు సజీవముగానుండియు మూగయగును. కావున పరీక్ష పైనుండి క్రిందికి రావలెను. తొలుత ట్యాంకులో పెట్రోలున్నదా? ఫ్యూజు బాగున్నదా? రిలే పలుకుచున్నదా? సహాయకుడు ఇంజను త్రిప్పుచుండగా పంపుమొనలవద్ద వోల్టుమీటరు ఎంత చూపుచున్నది? బ్యాటరీకి సమీపమైన వోల్టేజి అందియు పంపునుండి ఝుంకారము వినరానిచో, అప్పుడు మాత్రమే పంపు దోషియని తేల్చవచ్చును. వోల్టేజియే అందనిచో క్రొత్తపంపు వేసినను అదియు మూగగానే యుండును.

ఝుంకారముండియు పెట్రోలు చాలనప్పుడు ఫిల్టరును, ట్యాంకు అడుగునున్న జల్లెడను అనుమానింపవలెను. చల్లని ఇంజను వెంటనే లేచి, వేడియింజను మాత్రము చాలసేపటికి గాని లేవకున్నచో, పంపుమొననున్న ఒకవైపు కవాటమో, ఒత్తిడిని నిలుపు డబ్బియో కారణము కావచ్చును. ఆగిన బండిలో ఒత్తిడి జారిపోయినచో ఇంజనువేడికి గొట్టములలోని పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టును. ఆ కవాటమును కొన్ని పంపులలో విడిగా మార్చవచ్చును, పంపంతయు పారవేయనక్కరలేదు.

పంపు బలమును కొలుచుటకు కార్ఖానావారి పనిపుస్తకములో ఒక కొలత ఇవ్వబడియుండును: ఇన్ని సెకండ్లలో ఒక లీటరు రావలెనని. ఒక లీటరు 40 సెకండ్లలో వచ్చుచున్నదనుకొన్నచో, గంటకు 90 లీటర్లు. అనగా ట్యాంకెడు పెట్రోలు గంటకొకమారు చుట్టివచ్చుచున్నదన్నమాట. ఇంజను తాగునది దానిలో కొద్దిభాగమే. తక్కినది వేరొక గొట్టముగుండ తిరిగి ట్యాంకును చేరును. ఈ యెడతెగని ప్రవాహమే గొట్టములను చల్లగా నుంచి బుడగలను కొట్టుకొనిపోవును. గుండె రక్తమును శరీరమంతట త్రిప్పి మరల గ్రహించు తీరును బోధించు ఉపాధ్యాయునకు ఈ పోలిక పనికివచ్చును.

పంపే చెడినదని తేలినను విచారణ ముగియలేదు. ఏల చెడినది? పెట్రోలే దానికి కందెన. కావున ట్యాంకు ఎండువరకు బండి నడుపువాడు పంపును ఎండబెట్టి చంపుచున్నవాడే. ట్యాంకులో త్రుప్పుపట్టినచో ఆ పొడి రోలర్లను అరగదీయును. పెట్రోలులో ఎథనాలు కలుపుట నేడు సర్వత్ర వ్యాపించినది. జర్మనీలో 2011 నుండి 10 శాతము ఎథనాలుగల పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. భారతదేశములో 2025 నాటికి ఆ పాలు 20 శాతమునకు చేరినది. ఎథనాలు నీటిని ఆకర్షించును. దానికై తయారుకాని పాతరబ్బరును చెరచును. కారణమును విడిచి క్రొత్తపంపు వేసినచో, వెనుకటిదానిని చంపిన జబ్బే దీనినిని చంపును.

విప్పుట, బిగించుట

పనికి తావు ఆరుబయట, చదునైన గట్టినేల. నేలలో త్రవ్విన గోతిలో నిలిచి ఈ పని చేయుట మృత్యువును పిలుచుటయే. బరువైన ఆవిరి తొలుత చేరునది అందులోనే. మూసిన గదియు, పొయ్యిగల చోటును పనికిరావు. గాజుబల్బు దీపము జారిపడి పగిలిన దాని వేడితీగ చాలును. మూతగట్టిన బ్యాటరీ దీపమే వాడవలెను. పెట్రోలు మంటలకు తగిన పొడి లేక నురుగు చిమ్ము అగ్నిశామకము చేరువ నుండవలెను. నీరు పనికిరాదు, పెట్రోలు నీటిపై తేలి మంటను ఇంకను వ్యాపింపజేయును. ఒంటరిగా పనిచేయరాదు.

ఇంజను చల్లారవలెను. ట్యాంకులో పెట్రోలు వీలైనంత తక్కువగా నుండవలెను. బండిని జాకీతో లేపి, ఉక్కుస్టాండులపై నిలిపి, నేలనున్న చక్రములకు అడ్డులుంచవలెను. జాకీ లేపుటకేగాని మోయుటకు కాదు. జాకీని నమ్మి క్రింద దూరరాదు. తరువాత బ్యాటరీ రుణధ్రువపు తీగను ఊడదీయవలెను. కంటికి అద్దములు, చేతికి పెట్రోలునకు కరగని తొడుగులు తప్పనిసరి.

మూత తీసినపిమ్మట ముందుగా చేయవలసినది శుభ్రపరచుట. ఏండ్లతరబడి రోడ్డుదుమ్ము పంపుచుట్టు గట్టిపడియుండును. పెట్రోలును పంచియిచ్చు యంత్రములోని చీలికల వెడల్పు ఒక మిల్లీమీటరులో ఐదవవంతు మాత్రమే. గొట్టమువిప్పిన క్షణమున లోనదూరిన ఇసుకరేణువు పంపుకన్న వెలగల యంత్రమునకు హానిచేయగలదు.

తరువాత ఒత్తిడి. ఇంజను ఆగిన చాలసేపటివరకును గొట్టములలో ఒత్తిడి నిలిచియుండును. నిలుపుటకే ఆ డబ్బి యేర్పడినది. బిగింపును మందపుగుడ్డతో చుట్టి, రెండవ స్పానరుతో ఎదురుపట్టుపట్టి, మెల్లగా కొద్దికొద్దిగా వదులుచేయవలెను. చిమ్ముట ఆగినపిమ్మటగాని పూర్తిగా విప్పరాదు. ట్యాంకునుండి వచ్చు రబ్బరుగొట్టమును నునుపైన పట్టుకారుతో నొక్కి బిగించి, క్రింద లోహపు డబ్బా నుంచి, అప్పుడు ఊడదీయవలెను. ట్యాంకు నిండుగానున్నచో ముందుగా దానిని వట్టిచేయకుండ ఈ పనికి పూనుకొనరాదు.

తీగలలో ఏది ధనము, ఏది రుణమో ఊడదీయుటకు ముందే గుర్తుపెట్టుకొనవలెను. తారుమారైనచో మోటారు తిరుగును గాని వెనుకకు తిరుగును. శబ్దముండును, పెట్రోలు రాదు. క్రొత్తపంపు బాగులేదని దుకాణదారునితో తగవులాడిన పిమ్మట గాని తప్పు తెలియదు. బిగింపుల నడుమనున్న రాగివాషరులు ఒకమారు నలిగినవి మరల వాడదగవు. ఫిల్టరును, పాతబడిన రబ్బరుగొట్టములను అదేసమయమున మార్చుట మేలు. ఎంత బలముతో బిగింపవలెనో పనిపుస్తకము చెప్పును. బలమధికమైన మరలు తెగును.

అన్నియు బిగిసినపిమ్మట, ఒలికిన చోటు ఆరి, వాసన పోయినపిమ్మట గాని బ్యాటరీ తీగను తగిలించరాదు. తొలుత ఇంజను నడుపక పంపును మాత్రము కొన్నినిమిషములు నడిపి, ప్రతి అతుకును దీపముతో చూడవలెను. పొడికాగితముతో అద్దిన చెమ్మ తెలియును. ఒక్కచుక్క కనబడినను పని ముగియలేదు. ఆవిరివాసనగల గుడ్డలను మూతగల లోహపు డబ్బాలో నింటికి దూరముగా నుంచవలెను.

చదువునకు చెందిన సంగతి

ఈ పని యందరిదియు కాదు. చదునైన చోటు లేనివాడు, తోడులేనివాడు, స్టాండులు లేనివాడు, త్రుప్పుపట్టిన మరయొకటి కదలక మొండికెత్తినపుడు వేడిమంట పెట్టి వదులుచేతమను ఊహ పుట్టినవాడు పని ఆపి అనుభవజ్ఞుడైన మెకానిక్కును పిలుచుట పరాజయము కాదు. అట్లు ఆగినవానికిని పై పరీక్షలు వ్యర్థములు కావు. ఫ్యూజు మొదలు వోల్టేజివరకు తాను చూచిన వరుసను మెకానిక్కునకు చెప్పగలవాడు వట్టిపుణ్యమునకు పంపు కొనడు.

ఒక చిన్న యంత్రమున బలశాస్త్రము, విద్యుచ్ఛాస్త్రము, దహనసిద్ధాంతము మూడును కలిసి కాపురముచేయుచున్నవి. పుస్తకములో వేర్వేరు అధ్యాయములైన ఒత్తిడి, వోల్టేజి, ఆవిరి యనునవి ఇచ్చట ఒకే గొట్టములో కలియును. పనికిరాని పంపునొకదానిని పూర్తిగా ఆరబెట్టి, కోయించి, బల్లపై నుంచిన బడిపిల్లలు ఆ రోలర్లను వ్రేలితో త్రిప్పి చూడగలరు. నిప్పురవ్వ లోపల ఏల నిరపాయమో, వెలుపల ఏల ప్రమాదమో ఆ పిల్లలచేతనే చెప్పించినచో, ఇంటిలో పెట్రోలు సీసాను దీపముచెంత ఉంచరాదని వేరుగ బోధింపనక్కరలేదు.

క్రొత్తపంపు వేసినవాడు కారును నడిపించుకొనును. పాతపంపు ఏల చచ్చినదో తెలిసికొన్నవాడు క్రొత్తదానిని చిరకాలము బ్రదికించుకొనును.